క్లారినెట్టు మాస్టారి వాటా

క్లారినెట్టు మాస్టారు పోయారన్న కబురు నాకు పెదవేగి దగ్గర ఒక పామాయిల్ తోటలో అందింది. తోటలకు డ్రిప్పు పైపులు బిగించడం నా ఉద్యోగం. ఎక్కడో పైపు పూడిపోయి నీళ్లు రావడం లేదని రైతు గొడవ పెడుతుంటే, మట్టిలో మోకాళ్ల మీద కూర్చుని వెతుకుతున్నాను. ఫోను మోగింది. మాస్టారి నంబరే. "కాసేపాగి నేనే చేస్తానండి" అన్నాను. అవతల ఆయన భార్య. "అన్నయ్యగారూ, ఆయన ఇక లేరండి" అన్నారావిడ. పొద్దున్నే టీ తాగి, గుండెల్లో ఏదో పట్టేసినట్టుందని అన్నారట. ఆసుపత్రికి తీసుకెళదామని ఆటో పిలిచేలోపే అయిపోయిందట. తాడేపల్లిగూడెం నుంచి మండవల్లి దగ్గరున్న వాళ్ల సొంతూరికి అప్పటికే బయల్దేరిపోయారు. నేను ఫోను జేబులో పెట్టుకుని మళ్లీ పైపు వెతికాను. ఎవరు పోయారని రైతు అడిగితే, "తెలిసినాయనండి" అన్నాను.

ఆయన పేరు ఇక్కడ రాయడం లేదు. మేమిద్దరం కలిసి కూర్చున్న గదిలో పేర్లు గుమ్మం దాటి బయటికి తీసుకురాకూడదన్నది పద్ధతి. ఆయన పెళ్లిళ్లలో క్లారినెట్టు ఊదే బ్యాండు మాస్టారు. ఆ గది మందు మానేయాలనుకునేవాళ్లు వారానికోసారి కూర్చునే గది. ఈ రెండూ రాయడానికి ఆయన భార్య ఒప్పుకున్నారు. ఒప్పుకోవడమే కాదు, రాయమన్నదీ ఆవిడే.

అలాంటి గది ఒకటి ఉంటుందని నాకు చెప్పింది ఏలూరులో ఒక డాక్టరమ్మ. మా ఆవిడకు నిద్ర పట్టడం లేదని చూపించడానికి తీసుకెళ్లాను. డాక్టరమ్మ మా ఆవిడను ఏవో అడిగి, మాత్రలు రాయకుండా నావైపు తిరిగి, "మీరు రోజూ తీసుకుంటారా అండీ?" అన్నారు. కుర్చీలో పేషెంటు మారిపోయినట్టు నాకు అప్పుడు తెలిసింది. ఏలూరులో ఒక గది ఉందనీ, తాడేపల్లిగూడెంలో ఇంకొకటి ఉందనీ, డబ్బు ఇవ్వక్కర్లేదు, పేరు కూడా చెప్పక్కర్లేదనీ అన్నారు. నేను గూడెం ఎంచుకున్నాను. ఏలూరులో నన్ను ఎరగని పైపుల షాపు లేదు. ఇంటి పక్కనే ఉన్నది వదిలి అంత దూరం ఎందుకని మా ఆవిడ అడగలేదు. అడగనందుకు నాకు కొంచెం కోపం కూడా వచ్చింది.

శనివారం సాయంత్రం రైలు దిగి వెతుక్కుంటూ వెళితే అది ఒక చర్చి ఆవరణ. వెనక వరండాలో వరసగా సండే స్కూలు గదులు. ఒక గది బయట చాలా చెప్పులు కనబడ్డాయి. ఎక్కువమంది ఉన్నచోటే మనవాళ్లు ఉంటారన్న లెక్కతో నేనూ చెప్పులు విప్పి లోపలికి వెళ్లి కూర్చున్నాను. ఎక్కువగా ఆడవాళ్లే ఉన్నారు. నా తర్వాత తలుపు దగ్గరికి ఇంకో ఇద్దరు వచ్చారు, కదిలే దారి లేదు. పెద్దావిడ ఒకరు నా దగ్గరికి వచ్చి, "నీ బాధేంటో చెప్పు బాబూ, అందరం కలిసి ప్రార్థన చేద్దాం" అన్నారు. అంతమంది ఆడవాళ్ల మధ్య ఏం చెప్పను? "మోకాలండి" అన్నాను. ఆవిడ వేలితో నూనె తీసుకుని నా మోకాలికి రాశారు. గదిలో వాళ్లందరూ కళ్లు మూసుకుని, ఎన్నడూ నొప్పి ఎరగని నా మోకాలి కోసం ఏడుస్తూ ప్రార్థించారు. నా జన్మలో నాకోసం అంతమంది ఒకేసారి ఏడవడం అదే మొదటిసారి.

బయటపడి చెప్పులు వెతుక్కుంటుంటే, వరండా చివర స్టీలు గ్లాసుతో టీ తాగుతున్న ఒక పెద్దాయన, "మనది ఆ చివరి గదండీ" అన్నారు. తెల్ల చొక్కా, నూనె రాసి దువ్విన జుట్టు, ఊదీ ఊదీ కొంచెం సాగిన బుగ్గలు.

"మీకెలా తెలుసండీ?" అన్నాను.

"కొత్తగా వచ్చిన ప్రతి ఒక్కరూ ముందు అందులోకే వెళ్తారండి. చెప్పులెక్కువ ఉంటాయి కదా. మీరేం చెప్పారు?"

"మోకాలు."

"పర్వాలేదండి. నేను దగ్గని చెప్పాను. ఇప్పటికీ ఆ పెద్దావిడ కనబడినప్పుడల్లా, నీ దగ్గెలా ఉంది బాబూ అని అడుగుతారు. తగ్గిందండీ అంటే ఎంత సంతోషమో ఆవిడకి."

నేను నవ్వాననుకుంటాను. ఆయన నన్ను కాసేపు చూసి, "మీది అత్తిలి పెళ్లి కదండీ?" అన్నారు. మా అత్తవారిది అత్తిలి. నా పెళ్లి అక్కడే అయింది. నన్ను ఎవరూ ఎరగని ఊరని వెతుక్కుని వస్తే, గుమ్మంలోనే నా పెళ్లి ఊరేగింపుకు ఊదిన మాస్టారు నిలబడి ఉన్నారు. "పెళ్లికొడుకు కారు దిగనని మారాం చేసింది ఆ ఒక్క పెళ్లిలోనేనండి. ఇంకో పాట, ఇంకో పాట అని ఊదించారు. అందుకే మర్చిపోలేదు" అన్నారు. తర్వాత గొంతు తగ్గించి, "ఆ రోజు మీరూ తాగే ఉన్నారు, నేనూ తాగే ఉన్నానండి. ఇంక ఒకరికొకరం సిగ్గుపడేదేముంది? రండి, టీ చల్లారిపోద్ది" అన్నారు.

ఆ గదిలో బెంచీలు పిల్లల కోసం చేయించినవి. మగవాళ్లం అందరం మోకాళ్లు గడ్డానికి తగిలేట్టు కూర్చోవాలి. గోడ మీద, పడవలోకి జంటలు జంటలుగా ఎక్కుతున్న జంతువుల బొమ్మ ఒకటి ఉండేది. ఎవరికి తోచింది వాళ్లు చెప్పుకోవడం, మిగతావాళ్లు వినడం, అంతే. మధ్యలో ఎవరూ సలహా ఇవ్వకూడదు. మన జిల్లాల్లో సలహా ఇవ్వకుండా ఒక మనిషిని కూర్చోబెట్టడం ఎంత కష్టమో మీకు చెప్పక్కర్లేదు. మాస్టారు తన వంతు వచ్చినప్పుడు ప్రతి వారం ఒకటే మాట చెప్పేవారు. "నేను తాగుబోతునండి. ఇవాళ తాగలేదండి." ఆ చివరి 'అండి' లేకుండా ఆయన ఆ మాట అనగా నేను వినలేదు. తాగుబోతునని చెప్పుకోవడంలో కూడా ఎదుటివాళ్లకు ఇవ్వాల్సిన మర్యాద ఆయన తగ్గించలేదు.

ఆయన చొక్కా జేబు ఎప్పుడూ ఉబ్బెత్తుగా ఉండేది. అందులో చేతిరుమాల్లో చుట్టిన క్లారినెట్టు మౌత్‌పీసు ఉండేది, పెదాల మధ్య పెట్టుకుని ఊదే ముక్క. మీటింగులో ఎవరైనా తాము తాగిన రోజుల గురించి మరీ రుచిగా చెబుతుంటే, మాస్టారు నెమ్మదిగా రుమాలు విప్పి ఆ ముక్క నోట్లో పెట్టుకునేవారు. ఊదేవారు కాదు. ఊరికే పట్టుకునేవారు. మాట పూర్తయ్యాక తీసి, తుడిచి, మళ్లీ చుట్టి జేబులో వేసుకునేవారు. మొదట్లో నాకది చాదస్తంగా కనబడేది. అసలు ఆయన ప్రతిదానికీ క్లారినెట్టును తీసుకొస్తారని నాకు కొంత విసుగు కూడా ఉండేది.

ఆయనకు మూఢం అంటే భయం. మూఢంలో పెళ్లిళ్లు ఉండవు, మేళానికి పని ఉండదు. నాబోటివాళ్లు పండగలొస్తే భయపడేవాళ్లం. ఆయన ముహూర్తాలు లేని రోజులు వస్తే భయపడేవారు. ఒకసారి అడిగాను, పెళ్లిళ్లలోనే కదా మాస్టారూ మందు పారేది అని. "పెళ్లిలో మందు ఉంటుంది గానీ నాకు ఖాళీ ఉండదండి. ఊదుతున్నంతసేపూ నోటికి ఎవరూ గ్లాసు పెట్టలేరు కదా. ఆపినప్పుడే వస్తారు. అందుకని ఆపను" అన్నారు.

అది మాటవరసకు అన్నారనుకున్నాను. తర్వాత గూడెంలో మా బంధువుల పెళ్లికి వెళ్లినప్పుడు కళ్లారా చూశాను. ఊరేగింపు ఒక సందు మలుపులో ఆగింది. మేళంవాళ్లకు పెళ్లివారు పక్కన బల్ల వేసి పోస్తున్నారు. అది ఇక్కడి ఆనవాయితీయే, మేళానికి భోజనంతో పాటు ఇదీ ఉండాలి. డ్రమ్ము వాయించే ఆయన రెండు గ్లాసులు పట్టుకుని మాస్టారి వైపు వస్తున్నాడు. సగం దూరం వచ్చాడో లేదో, గోడకు ఆనుకుని చెమట తుడుచుకుంటున్న మాస్టారు క్లారినెట్టు ఎత్తి పాట అందుకున్నారు. డ్రమ్ము ఆయన కంగారుగా ఒక గ్లాసు తను తాగేసి, రెండోది ఎవరి చేతిలోనో పెట్టి, పరుగెత్తుకెళ్లి పుల్లలు అందుకున్నాడు. పెళ్లివారు ఈలలు వేశారు. మాస్టారు గుక్క తిప్పుకోకుండా ఊదుతారని ఈ చుట్టుపక్కల పెద్ద పేరు. ఆ పేరు ఎలా వచ్చిందో ఆ సందులో నిలబడినవాళ్లలో నాకొక్కడికే తెలుసు. నన్ను చూసి ఆయన కనుబొమలు ఎగరేశారు. పాట మాత్రం ఆపలేదు.

తర్వాతి శనివారం ఆ డ్రమ్ము ఆయన సంగతి అడిగాను. "మా అన్నయ్యేనండి" అన్నారు. "చిన్నప్పటి నుంచీ ఏది దొరికినా ముందు నాకు పెట్టి తర్వాత తను తింటాడు. ఇదీ అంతే. ప్రేమండి."

"మానేశానని చెప్పొచ్చుగా?"

"డాక్టరు వద్దన్నాడని చెప్పానండి. డాక్టరు ఇక్కడేం చూడట్లేదు కదరా అంటాడు. నువ్విచ్చేది నాకొద్దు అంటే, మా అన్నయ్య తట్టుకోలేడండి. పాట మొదలెడితే ఏ గొడవా లేదు."

బయటివాళ్లకు చెప్పడానికి ఆయన దగ్గర వేరే మాట ఉండేది. అది మా అందరికీ నేర్పారు. "మానేశానని ఎవరితోనూ అనకండి. మానేశానంటే మనవాళ్లకు సరదా పుడుతుంది, ఎలా మానతావో చూస్తామని వెంటపడతారు. నా వాటా అయిపోయిందండి అని చెప్పండి. కడుపు నిండిందన్నవాణ్ణి ఎవరు బలవంతపెడతారు?" నేను ఊరుకోలేక, "మన గోదావరి జిల్లాల్లో కడుపు నిండిందన్నా వడ్డిస్తారు కదా మాస్టారూ" అన్నాను. ఆయన పకపకా నవ్వి, "ఆయ్, అదీ నిజమేనండి. అప్పుడు విస్తరి మడిచేసి లేవడమే" అన్నారు. ఆ మాట నాకు చాలాచోట్ల పనికొచ్చింది. నా వాటా అయిపోయిందండి అనగానే జనం నవ్వుతారు. నవ్వాక గ్లాసు పక్కకు వెళ్లిపోతుంది.

మధ్యలో నేను మళ్లీ తాగాను, గది మానేశాను. ఫోన్లు వస్తే ఎత్తలేదు. ఒక మధ్యాహ్నం పెదవేగి తోటలో పని చేస్తుంటే, గట్టు మీద తెల్ల చొక్కా కనబడింది. గూడెం నుంచి ఏలూరు వచ్చి, అక్కణ్ణుంచి ఆటో మారి, అడిగి అడిగి వచ్చారు. వస్తూనే మందలిస్తారని ఎదురు చూశాను. ఆయన నీడలో కూర్చుని, ఈ సన్నపైపులోంచి నీళ్లు చుక్కచుక్కగా ఎలా పడతాయి, మట్టి అడ్డుపడితే ఎలా తెలుస్తుంది అని అడిగారు. నేను చెప్పాను. వాళ్లావిడ పంపిన చేగోడీలు ఇద్దరం తిన్నాం. ఎండ తగ్గాక లేచి పంచె దులుపుకుని, "శనివారం గది ఎలాగూ తీస్తారండి" అని వెళ్లిపోయారు. వెళ్లేటప్పుడు నా మోకాలు ఎలా ఉందని కూడా అడిగారు. ఆ శనివారం నేను వెళ్లాను. అప్పటి నుంచి మానలేదు. ఇందులో నా గొప్పేమీ లేదు. మోకాలి సంగతి అడిగాక వెళ్లకుండా ఉండలేకపోయాను, అంతే.

మాస్టారు పోయింది కూడా మూఢంలోనే. అందువల్ల పెద్దకార్యానికి మేళంవాళ్లందరూ తీరిగ్గా వచ్చారు. మా గది నుంచి ఇద్దరం వెళ్లాం, నేనూ, ఈమధ్యే గదికి రావడం మొదలుపెట్టిన ఒక ఆటో అతనూ. అతన్ని మొదటిసారి వరండాలోంచి పిలిచి తీసుకొచ్చింది మాస్టారే. అతను ఆ ప్రార్థన గదిలో ఏం జబ్బు చెప్పాడో మాకింకా చెప్పలేదు. అతని ఆటోలోనే వెళ్లాం. ఇళ్లు దాటాక రెండు వైపులా చేపల చెరువులు, గట్ల మీద మేత బస్తాలు, నీళ్ల వాసన. దారిలో అతను ఒకటే అడిగాడు: "అక్కడ మందు ఉంటదాండీ?" ఉండొచ్చన్నాను.

ఇంటి ముందు షామియానా వేశారు. ఎదురుగా కుర్చీలో మాస్టారి ఫొటో, దండ. ఫొటోలో కూడా చొక్కా జేబు ఉబ్బెత్తుగానే ఉంది. పోయినవాళ్లకు ఇష్టమైనవన్నీ ఫొటో ముందు పెట్టి, తర్వాత వచ్చినవాళ్లకు పంచడం వాళ్ల ఇంటి ఆచారం. విస్తట్లో కొరమేను పులుసు, గారెలు, సున్నుండలు, తమలపాకులు ఉన్నాయి. పక్కన మూత తీసిన క్వార్టరు సీసా, నిండా పోసిన గాజు గ్లాసు. ఆ గ్లాసు చూశాక నేను ఫొటో వైపు చూడలేకపోయాను. ఇన్నేళ్లు పాటలు అడ్డం పెట్టుకుని దాటుకుంటూ వచ్చిన మనిషి ముందు, ఇప్పుడు పారిపోవడానికి వీల్లేని చోట, ఆ గ్లాసు తెచ్చి పెట్టారు. నాకు బాధకన్నా ముందు కోపం వచ్చింది. ఎవరి మీదో తెలియలేదు.

డ్రమ్ము వాయించే అన్నగారు మమ్మల్ని చూసి వచ్చారు. ఏడ్చి ఏడ్చి మొహం వాచిపోయి ఉంది. "మీరు మా తమ్ముడి తాలూకాండీ?" అన్నారు.

"మా పెళ్లికి ఆయనే ఊదారండి" అన్నాను. అది అబద్ధం కాదు.

అన్నగారు మా పక్కనే కూలబడ్డారు. "ఆడు ఊదితే అలాగే గుర్తుండిపోద్దండి జనానికి. కానండీ, మాకు మాత్రం పెద్ద ఇబ్బంది పెట్టేవోడు. చెప్పడు, పెట్టడు, ఉన్నట్టుండి పాటెత్తేసేవోడు. మేం చేతిలో గ్లాసులు ఎక్కడివక్కడ పారేసి పరుగెత్తుకుని రావాల. నేనైతే ఎన్నిసార్లు ఒలకబోసుకున్నానో!" అని నవ్వి, నవ్వుతుండగానే మళ్లీ ఏడ్చారు. "ఆ డాక్టరు ఎవడో ఆడి నోరు కట్టేశాడండి. ఇష్టమైంది తాగకుండానే పోయాడు. ఇప్పుడన్నా తాగనీ అని నేనే కొనుక్కొచ్చి పెట్టాను."

పూజ అయింది. విస్తట్లోవి తలా కొంచెం పంచుతున్నారు. అన్నగారు ఆ గ్లాసు రెండు చేతులతో పట్టుకుని, మొదట మా దగ్గరికే వచ్చారు. "పెళ్లికి మేళం పెట్టించుకున్నోళ్లు, ఇంత దూరం వచ్చారు. ఆడి పేరున ఒక్క గుక్క తీసుకోండి."

"నా వాటా అయిపోయిందండి" అన్నాను.

ఎవరూ నవ్వలేదు. అన్నగారి మొహం మారిపోయింది. "పోయినోడి పేరున ఇత్తే వద్దనకూడదండి" అని, గ్లాసు ఆటో అతని ముందు పెట్టారు. అతను నావైపు చూడలేదు. అతని చెయ్యి ఒడిలోంచి లేచింది. పోయినవాళ్ల పేరున ఇచ్చింది కాదనకూడదని అతనికీ ఇంట్లో నేర్పే ఉంటారు. మా గదిలో నేర్చుకున్నది దాని ముందు ఏపాటిది? ఆ చెయ్యి గ్లాసును ముట్టుకుంటే ఏమవుతుందో అతనికి తెలుసు, నాకు తెలుసు. మాస్టారైతే పాట అందుకునేవారు. నాకు ఊదడం రాదు.

గుమ్మం దగ్గర కూర్చున్న మాస్టారి భార్య అంతా చూస్తున్నారు. "అన్నయ్యగారూ" అని పిలిచారు. "బావగారికి మీరు చెప్పండి. నేను చెబితే నిష్ఠూరమనుకుంటారు."

నేను గ్లాసుకు అడ్డంగా చెయ్యి పెట్టాను. "ఏవండీ, మాస్టారు ఉన్నట్టుండి పాట ఎందుకెత్తేవారో మీకు ఎప్పుడైనా చెప్పారాండీ?" అన్నాను. లేదన్నట్టు తల ఊపారు. చెప్పాను. గది సంగతి చెప్పాను. జేబులో రుమాలు సంగతి చెప్పాను. డాక్టరెవరూ ఆపలేదనీ, ఆయనే ఆపుకున్నారనీ చెప్పాను. గ్లాసు దగ్గరికి వస్తుంటే క్లారినెట్టు ఎత్తేవారని చెప్పాను. మాస్టారు బతికుండగా దాచిన మాట నేను చెప్పొచ్చో లేదో అప్పుడూ తెలియదు, ఇప్పుడూ తెలియదు.

అన్నగారు గ్లాసులోకి చూశారు. "గ్లాసు తెచ్చేది నేనే కదండీ" అన్నారు.

"ప్రేమతో తెస్తారని ఆయనే అన్నారండి. అందుకే మీకు వద్దని చెప్పలేదు."

"అయితే, ప్రతిసారీనా అండీ?"

"ప్రతిసారీ నాకు తెలియదండి. నేను చూసింది ఒక్కసారే."

ఆయన ఆ గ్లాసూ, ఫొటో ముందున్న సీసానూ తీసుకుని పెరట్లోకి వెళ్లారు. తాగారో పారబోశారో నేను చూడలేదు. మాస్టారి భార్య లేచి, సీసా ఉన్నచోట స్టీలు గ్లాసుతో టీ పెట్టి వచ్చి మళ్లీ గుమ్మంలో కూర్చున్నారు. ఆటో అతను ఒడిలో రెండు చేతులూ గట్టిగా పట్టుకుని కూర్చున్నాడు. "నేను నడుం నొప్పని చెప్పానండి" అన్నాడు ఉన్నట్టుండి. నాకు ముందు అర్థం కాలేదు. తర్వాత అర్థమై భుజం మీద చెయ్యి వేశాను.

భోజనాలు వడ్డించారు. మేళంవాళ్లు ఒక పంక్తిలో కూర్చున్నారు. వాళ్లు వెంట తెచ్చుకున్న వాయిద్యాలన్నీ ఒక మూల చాప మీద ఉన్నాయి. అన్నగారు తినలేదు, పెరట్లోంచి వచ్చి ఆ చాప మీద తన డ్రమ్ము పక్కనే కూర్చున్నారు. బంధువుల్లో ఒక పెద్దాయనకు జాలి వేసింది. ఎక్కణ్ణుంచో ఒక గ్లాసు పోయించుకుని, "పొద్దుట్నుంచీ పచ్చి గంగ ముట్టలేదు. కొంచెం పుచ్చుకో, మనసు కుదుటపడుద్ది" అంటూ షామియానా మధ్యలోంచి ఆయన వైపు నడిచాడు.

అన్నగారు తలెత్తి చూశారు. గ్లాసు సగం దూరం వచ్చింది. ఆయన డ్రమ్ము ఒళ్లోకి లాక్కుని, రెండు చేతుల్లోకీ పుల్లలు తీసుకుని, వాయించడం మొదలుపెట్టారు.

మేళంవాళ్లు చేతిలో ముద్దలు విస్తళ్లలో వదిలేసి, ఎంగిలి చేతులు పంచెలకు తుడుచుకుంటూ పరుగెత్తుకొచ్చి ఎవరి వాయిద్యం వాళ్లు అందుకున్నారు. క్లారినెట్టు లేదు కాబట్టి ఏ పాటకు వాయిస్తున్నారో వాళ్లకే తెలియలేదు. పెద్దాయన గ్లాసు పట్టుకుని కాసేపు అక్కడే నిలబడ్డాడు, ఆపుతారేమోనని. అన్నగారు ఆపలేదు.